సైకిలు యాత్రలును పత్రికల సాక్ష్యమును

విశాఖపట్టణపు సముద్రతీరమున ఒక యువకుడు సైకిలు ప్రక్కన నిలిచియుండును. మెడలో పూలదండ, సైకిలు ముందట ఒక జెండా, వెనుక ఒక మూట, చుట్టును పదిమంది పెద్దమనుష్యులు. మరునాడు పత్రికలో ఆ ఛాయాచిత్రము క్రింద నాలుగు పంక్తుల వార్త వెలువడును: ఇన్ని వేల కిలోమీటర్లు, ఇన్ని రాష్ట్రములు, ఇన్ని దినములు, ఫలానా సదాశయము. ఇట్టి వార్తను మన చదువరులు ఏటేట పలుమారు చూచియే యుందురు. మేమును చూచుచున్నాము. చూచినప్పుడెల్ల మాకొక సందేహము పొడముచున్నది. ఆ సందేహము యాత్రికునిమీద కాదు, వార్త వ్రాసినవారిమీద.

ఆ యువకుడు ఏ దినమున బయలుదేఱెను? ఏ త్రోవను వచ్చెను? రాత్రులు ఎక్కడ పరుండెను? నడుమ రైలుగాని, లారీగాని ఎక్కెనా? ఎక్కినచో ఎక్కడనుండి ఎక్కడికి? ఈ ప్రశ్నలలో ఒక్కటియైనను అడిగిన జాడ వార్తయందు కానరాదు. అతడు చెప్పిన అంకెయే అంకె. దానిని పత్రిక తన మాటగా అచ్చువేయును. 'నని చెప్పుచున్నాడు' అను చిన్నమాట చేర్చుటకును ఓపిక చాలదు.

ఒక లెక్క వేసి చూతము. విశాఖనుండి కలకత్తాకు త్రోవ సుమారు 880 కిలోమీటర్లు. ఒకడు దానిని మూడు దినములలో చేరితినన్నచో దినమునకు 290కి పైబడును. ఇది అసాధ్యమా? కాదు. దూరపు సవారీలకు ప్రపంచమంతట నడచుచున్న ఫ్రెంచి పద్ధతిలో 300 కిలోమీటర్లకు 20 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. అభ్యాసమున్నవారు ఆ గడువులోపల ముగించుచునే యున్నారు. కాని మూటతో, ఒంటరిగా, మూడు దినములు వరుసగా, పైగా ఊరూర సన్మానము లందుకొనుచు ముగించితి ననువానిని రెండవ ప్రశ్న అడుగవలదా? త్రోవ తెలిసినవాడు మఱియొకటియు అడుగును. వానకారు మొదలిడినప్పుడు మన తీరమున నైరుతి గాలి వీచును. చెన్నపట్టణమునుండి వచ్చువానిని అది వెనుకనుండి త్రోయును. కలకత్తానుండి వచ్చువానికి ఎదురు నిలుచును. 'గాలి యెట్లుండెను?' అని అడిగినచో నిజముగ త్రొక్కినవాడు అరగంటసేపు చెప్పును. త్రొక్కనివాడు ఆకాశము చూచును. ఇంతకు మించిన పరీక్ష అక్కఱలేదేమో!

మా ఊరివారికి ఈ అలసత్వము మఱింత సిగ్గుచేటని మా యభిప్రాయము. 1933లో తెఱచిన మన రేవునకు ఏ ఓడ వచ్చినను అది ఎప్పుడు లంగరు దింపెనో, ఏ బెర్తున కట్టబడెనో, ఏ సరకు ఎన్ని టన్నులు దింపెనో పుస్తకములకెక్కును. మన ఉక్కు కర్మాగారమునుండి వెడలు ఇనుపకడ్డీల వెంట పరీక్షాపత్రము వెడలును. అది లేనిదే కొనువాడు కొనడు. ఓడకును కడ్డీకిని కాగితము కావలసిన ఈ యూర, దేశమంతయు తిరిగితినను మనుష్యునకుమాత్రము పూలదండ చాలును!

పత్రికలకును సైకిలు స్వారికిని గల చుట్టరికము నేటిది కాదు. అది తెలిసినచో సందేహము ఎవరిమీద ఉంచవలయునో తెలియును. 1891లో ఫ్రాన్సుదేశమున పారిసునుండి బ్రెస్టు రేవునకు పోయి మరలివచ్చు సుమారు 1200 కిలోమీటర్ల పందెమును ఏర్పఱచినది ఒక దినపత్రిక. పేరు 'ల పెతి జుర్నాల్'. అందు షార్ల్ తెరోన్ అనునతడు 71 గంటల 22 నిమిషములలో గెలిచెను. ఆ పత్రికవారు తమ చందాదారుల సంఖ్య పెంచుకొనుటకే ఈ పని చేసిరనుట నిజమే. అయినను రౌతు ప్రతి మజిలీయందును తన చిన్నపుస్తకమున ముద్ర వేయించుకొనవలెనని కట్టడి చేసిరి. 1903లో 'లోటో' అను మఱియొక పత్రిక, ప్రతిపక్షపు పత్రికను పడగొట్టు తలంపుతో, ఫ్రాన్సును చుట్టివచ్చు పందెమును మొదలుపెట్టెను. ఆ మఱుసటి యేటనే మోసములు బయల్పడెను. రైలెక్కిరను ఆరోపణము కూడ వానిలో ఒకటి. మొదటి నాలుగు స్థానములవారిని సైకిలు సంఘమువారు త్రోసివేసి, ఐదవవాడగు ఆన్రి కోర్నే అను పందొమ్మిదేండ్ల కుఱ్ఱవానిని విజేతగా ప్రకటించిరి. గమనింపుడు: సొమ్ముకొఱకు పందెము పెట్టినచోటనే ముద్రయు, విచారణయు, శిక్షయు కలవు. సదాశయము కొఱకని చెప్పుకొను మన యాత్రావార్తలలో ఇవి యేవియు లేవు. ఆశయము మంచిదైనచో అంకె కూడ మంచిదగునని మనవారి నమ్మకము కాబోలు.

సందేహించుట ఎంత సులభమో, న్యాయముగ సందేహించుట అంత కష్టము. దీనికి ఆనీ లండన్‌డెరీ కథ చాలును. ఈమె బోస్టను నగరమున ముగ్గురు బిడ్డల తల్లి. అసలు ఇంటిపేరు కోప్చోవ్‌స్కీ. ఒక ఊటనీళ్ల కంపెనీవారు 100 డాలర్లిచ్చి తమ పేరును ఆమెకు తగిలించిరి. 1894 జూనులో బయలుదేఱి 1895 సెప్టెంబరులో షికాగో చేరి, భూమిని చుట్టివచ్చితినని చెప్పెను. ఫ్రాన్సుదేశమున పారిసునుండి మార్సేయికిని, అమెరికాలో కొన్ని దీర్ఘమార్గములలోను ఆమె నిజముగనే త్రొక్కెను. కాని మార్సేయినుండి సాన్‌ఫ్రాన్సిస్కో చేరుటలో పెద్దభాగము ఆవిరి ఓడలమీదనే గడచెను. సైకిలు మీద కాదు, సైకిలు వెంట ప్రయాణము చేసినదని నాడే ఎత్తిపొడిచినవారు కలరు. భారతదేశమున పులులను వేటాడితినని కూడ ఆమె చెప్పగా పత్రికలు అచ్చువేసెను. పులి పంజాగుర్తు చూపుమని అడిగినవాడు లేడు.

అందుచేత ఆమెను అబద్ధపుకోరని తేల్చి ఊరకుందుమా? అంత తొందర కూడదు. ఓడ యెక్కక భూమిని చుట్టుట ఎవ్వరికిని చేతగాదు. సముద్రముమీద చక్రము దొరలదు. తప్పు ఓడ యెక్కుటలో లేదు, ఎక్కిన దూరమును చెప్పకుండుటలో ఉన్నది. ఆ తప్పులో ఆమె పాలెంతయో, అద్భుతమును అమ్ముకొనిన పత్రికల పాలు అంతకు తక్కువ కాదు. మఱియు ఆమెమీద వచ్చిన వెక్కిరింతలలో లెక్కకు సంబంధించినవి కొన్నియే. ఆడుది లాగు తొడుగుకొన్నదనియు, బిడ్డలను విడిచినదనియు వచ్చినవి మిక్కుటము. మన యిండ్లలో ఇది నేటికిని జరుగుచున్నది. మగపిల్లవాడు వేయి కిలోమీటర్లు త్రొక్కితినన్న 'భేష్' అందుము. ఆడుపిల్ల నూఱు త్రొక్కితినన్న 'వెంట ఎవరున్నారు?' అందుము. సంఘసంస్కారము కోరువారమని చెప్పుకొనువారి నోటనే ఈ మాట వినియున్నాము. అడుగవలసిన ప్రశ్నలు ఇద్దఱికిని ఒక్కటే. ఒకరిని అడిగి ఇంకొకరిని విడుచుట పరిశోధనము కాదు, పక్షపాతము.

చక్కగ చేసినవారును మన దేశమున లేకపోలేదు. 1923 అక్టోబరు 15వ తేదీన బొంబాయినుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లమీద బయలుదేఱిరి. వారిలో అది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అను మువ్వురు మాత్రము 1928 మార్చి 18వ తేదీన చుట్టు ముగించి ఇల్లు చేరిరి. దూరము సుమారు 44,000 మైళ్లు. 1931లో తమ ప్రయాణమును గ్రంథముగ ప్రకటించిరి. దానికి జవాహర్‌లాల్ నెహ్రూ పీఠిక వ్రాసెను. సగముమంది నడుమనే విరమించిరను సంగతియు లోకమునకు తెలియును. దానివలన మిగిలిన మువ్వురి గౌరవము తగ్గెనా? పెరిగినదని మా తలంపు. నేడు ప్రపంచప్రదక్షిణమును నమోదు చేయు గిన్నిస్ సంస్థ కూడ సైకిలుమీద కనీసము 18,000 మైళ్లు త్రొక్కవలెననియు, భూగోళమున ఇంచుమించు ఎదురెదురుగ నున్న రెండు స్థలములను తాకవలెననియు నియమము పెట్టి, ఓడకును విమానమునకును తావిచ్చినది. ఎక్కినదానిని దాచ నక్కఱలేనట్టి నియమ మది.

ఇక ఒక బాధాకరమగు సంగతి. 2020 మార్చి 25 మొదలు దేశమంతటను రాకపోకలు నిలిపివేయబడెను. మే నెలలో చెన్నపట్టణమునుండియు దక్షిణదేశపు ఇతర పట్టణములనుండియు కూలిజనము నడచియు, సైకిళ్లమీదను, మన విశాఖను ఆనుకొనిపోవు జాతీయ రహదారివెంట ఒరిస్సాకును, బీహారుకును పోయెను. ఆ నెల 7వ తేదీననే వెంకటాపురమున విషవాయువు వెడలి పలువురు మరణింపగా మా ఊరివారి కన్నులన్నియు అటువైపే యుండెను. రహదారిమీద పోవువారిని లెక్కించినవారు తక్కువ. వారి పేర్లు ఏ పత్రికకును ఎక్కలేదు. మెడలో పూలదండ పడలేదు.

అప్పుడే ఉత్తరదేశమున ఒక పదునైదేండ్ల బాలిక, ప్రమాదమున గాయపడి, ఇంటి అద్దె చెల్లింపలేక యున్న తండ్రిని సైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని గురుగ్రామునుండి బీహారులోని తన పల్లెకు చేరెను. దూరము 1,200 కిలోమీటర్లని వార్త. దినములు కొందఱు ఏడనిరి, కొందఱు ఎనిమిదనిరి, కొందఱు పదియనిరి. నడుమ కొంతదూరము లారీ ఎక్కిరని ఒక అమెరికా పత్రిక ఒక్క వాక్యమున చెప్పెను. మనవారిలో పెక్కుమంది అదియు చెప్పలేదు. అమెరికా అధ్యక్షుని కుమార్తె ఆ ప్రయాణమును ఓర్పునకును ప్రేమకును గుర్తుగ పొగడెను. సైకిలు సంఘమువారు పరీక్షకు రమ్మనిరి. తరువాత మొదలయ్యెను చావడి విచారణ: అంత దూరము త్రొక్కగలదా? లారీ ఎక్కిన మాట నిజమా?

లారీ ఎక్కినచో ఎక్కనిండు! ఆ బిడ్డ పందెమునకు పోలేదు. ఆమెకు ముద్రలపుస్తకము లేదు, ఉండ నక్కఱయు లేదు. ఇల్లు చేరుటయే ఆమె పని. ఇంకను నాలుగు లారీలు దొరికియుండిన మేము సంతోషించియుందుము. అడుగవలసినది ఎంత దూరము త్రొక్కె ననుట కాదు. బండి యేల దొరకలేదు, అద్దె యేల బెదిరించెను, పనిచేయించుకొన్న పట్టణము ఏల త్రోసివేసెను అనుట. ఆ ప్రశ్న కష్టమైనది, అధికారులకు ఇంపుకానిది. కావున పత్రికలు ఆకలిని ఆటగా మార్చి వీరగాథ వ్రాసినవి. ఆటయైన తరువాత చదువరి లెక్క అడుగక మానునా? పత్రిక పరీక్షింపక వేసిన అంకెకు పదునైదేండ్ల పిల్ల జవాబు చెప్పుకొనవలసివచ్చెను. ఇంతకన్న అన్యాయమేమున్నది?

'చిన్నవార్త, కుఱ్ఱవారికి ఉత్సాహము కలుగును, దానిమీద ఇంత కోపమేల?' అని మిత్రు లొకరు మమ్ము మందలించిరి. ఉత్సాహము కలుగుటయే మా భయము. దినమునకు 250 కిలోమీటర్లు సామాన్యమని నమ్మిన ఇంటర్మీడియెటు పిల్లవాడు మే నెల యెండలో ఒక్క సీసా నీళ్లతో రహదారిమీదికి పోవును. లారీల నడుమ చీకటిలోను త్రొక్కును. ఆ రహదారి ఎట్టిదో దానిప్రక్కనున్న గ్రామములవారు ఎఱుగుదురు. మఱియు ఈ యాత్రలవెంట చందాలు నడచుచున్నవి. వార్త ముక్కను కత్తిరించి అట్టకు అంటించి తరువాతి ఊర చూపుదురు. అక్కడి విలేఖరి ఆ ముక్కను చూచియే తన వార్త వ్రాయును. ఇట్లు ఒక పత్రిక ఇంకొక పత్రికకు సాక్షి యగును, మొదటిదానికి సాక్షి లేడు. నిజముగ ఆరువందల కిలోమీటర్లు త్రొక్కి, మోకాళ్లు వాచి, మౌనముగ ఇల్లు చేరినవాడు ఈ ఆరువేలవాని ప్రక్కన అల్పుడై పోవును. ఒకనాడు మోసము బయటపడినప్పుడు ఇద్దఱిని ఒకే గాటను కట్టుదురు.

మేము కోరునది పెద్దది కాదు. 'ఈ యువకుడు చెన్నపట్టణమున ఫలానా తేదీన బయలుదేఱి తొమ్మిదవ దినమున విశాఖ చేరెను. త్రోవ సుమారు 800 కిలోమీటర్లు. అందు నెల్లూరునుండి ఒంగోలు వఱకు జ్వరమువలన లారీమీద వచ్చితినని ఆయనయే చెప్పెను. మజిలీలలో వ్రాయించుకొన్న సంతకముల పుస్తకమును మా విలేఖరి చూచెను. తుని తరువాతి రెండు సంతకములకు తేదీలు లేవు. రాత్రులు పెట్రోలుబంకులలోను, ఒక గుడి మండపమునను పరుండెను. రేపు శ్రీకాకుళము త్రోవను పోవును.' ఇట్టి వార్త నొకదానిని ఏ పత్రికవారైన వేయుదురేని మేము రెండుమార్లు చదువుదుము. వీలైనచో ఆ యువకుని మా యింటికి భోజనమునకును పిలుతుము.