తెరచాప పడవకు దారి యెవరీయవలెను?

సముద్రముపై రెండు నౌకలు ఎదురుపడినపుడు ఏది తొలగవలెనో తెలుపు అంతర్జాతీయ నిబంధనలు 1972వ సంవత్సరమున ఏర్పడినవి. వాని ప్రకారము యంత్రముతో నడచు నౌక తెరచాప పడవకు సాధారణముగా దారి యీయవలెను. నీటిపై నున్న జలాంతర్గామియు యంత్రనౌకయే. కాని నీటి యడుగున నున్నదానిని పడవవాడు చూడజాలడు. చూడజాలనిదానినుండి తొలగుట యెట్లు? కావున పైకి లేచువేళ జాగ్రత్త వహించు భారము ముఖ్యముగా జలాంతర్గామిదే యని మా యభిప్రాయము.

ఈ భారము సులభమైనది కాదు. అడుగున నున్న నావికులకు చెవులే కన్నులు. ఇతర నౌకల యంత్రధ్వనిని సోనారు వారికి వినిపించును. గాలితో పోవు పడవకు చప్పుడు స్వల్పము. కొయ్యతో చేసిన చిన్న పడవ రాడారునకును స్పష్టముగా గానరాదు. పెరిస్కోపు అలలకు కొంచెము మీదుగా మాత్రమే చూచును గనుక, పెద్ద యల చాటున పడవ దాగిపోవచ్చును. కాబట్టి నావికులు ఓపికతో విని, నలుదిక్కులను మరల మరల చూచి, పిమ్మటనే పైకి రావలెను.

ఆ యోపిక లోపించిన నేమగునో 2001 ఫిబ్రవరి 9వ తేదీన హవాయి తీరమున లోకము చూచినది. అమెరికా జలాంతర్గామి గ్రీన్‌విల్, తనలోని 16 మంది అతిథులకు వేగముగా పైకి లేచు విన్యాసమును చూపుచు, జపాను దేశపు ఎహిమె మారు అను నౌకను క్రిందినుండి ఢీకొనెను. అది ఉవాజిమాలోని మత్స్యవిద్యా ఉన్నత పాఠశాలకు చెందిన శిక్షణనౌక. అందున్న 35 మందిలో తొమ్మండుగురు మరణించిరి. వారిలో నలుగురు విద్యార్థులు, ఇద్దఱు ఉపాధ్యాయులు. పెరిస్కోపుతో చూచుట త్వరత్వరగా ముగించిరని విచారణలో తేలెను. యంత్రధ్వని గల యంత పెద్ద నౌకయే కానరాకపోయినచో, నిశ్శబ్దముగా పోవు తెరచాప పడవ మాట చెప్పనేల?

యుద్ధనౌక రహస్యముగా సంచరింపవలసినదే గదా, చిన్న పడవలే దూరముగా నుండరాదా యని కొందఱందురు. శత్రువునకు కనబడకుండుట వేఱు, బాటసారిని చూడకుండుట వేఱు. పడవవారును తమ వంతు చేయవలసినదే: రాత్రి దీపము నుంచవలెను, రాడారునకు కనబడు లోహఫలకమును స్తంభమునకు కట్టవలెను, నౌకాదళపు హెచ్చరికలను పాటింపవలెను. కాని సముద్రమే జీవనాధారమైన వారిని సముద్రమును విడువుమనుట న్యాయము కాదు.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. 2024 నవంబరు 21న గోవాకు దూరమున మన కరంజ్ జలాంతర్గామియు, మార్తోమా యను చేపల పడవయు ఢీకొనినవి; పడవలోని 13 మందిలో 11 మందినే రక్షింపగలిగిరి. విశాఖపట్టణమునందును జలాంతర్గాముల స్థావరము గలదు. ఆ తీరమునుండియే మన జాలరులు వేటకు పోవుదురు. అచ్చట ప్రదర్శనశాలగా నుంచిన కుర్సురా జలాంతర్గామిని చూడబోవు విద్యార్థులారా, దాని బలమును మెచ్చుకొనుడు. ఆ బలము పైకి లేచుటకు ముందు ఎంత నిదానముగా చుట్టును చూడవలెనో, అదియును తలపోయుడు.