ఫ్రంట్‌మన్ వెళ్లిపోయాక

మా బ్యాండ్‌లో పాడేవాడు పోయిన నెల మానేశాడు. గొడవేం జరగలేదు. ఎవరో షార్ట్ ఫిలిం వాళ్లు పాట పాడమని పిలిచారు, ఇంకెవరో సంగీత్ ఫంక్షన్‌కి పిలిచారు, రిహార్సల్స్‌కి రావడం తగ్గింది, ఒకరోజు రాత్రి వాట్సాప్ గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయ్యాడు. మిగిలిన నలుగురం క్యాంటీన్‌లో కూర్చుని వాడిని బాగానే తిట్టుకున్నాం. "వెన్నుపోటు" అనే మాట కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే అన్నది నేనే. కానీ తర్వాత రెండు వారాలు పని మానేసి (డేటాబేస్ అసైన్‌మెంట్ కూడా మానేసి) రామ్ మిరియాల పాటలు మొదటి నుంచి వింటూ కూర్చున్నా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. ఎందుకో చెప్తా.

రామ్ మిరియాల అంటే మీలో చాలామందికి "చిట్టి" పాట గుర్తొస్తుంది. జాతిరత్నాలు, 2021. లేదా డీజే టిల్లు టైటిల్ పాట, 2022. దానికి ట్యూన్ కట్టిందీ ఆయనే, పాడిందీ ఆయనే. అంతకుముందు ఆయన చౌరస్తా బ్యాండ్‌లో ముందు నిలబడి పాడిన గొంతు. చౌరస్తా రాక్ బ్యాండ్ ఏంటి, అది ఫోక్, రెగె కదా అని మా గిటారిస్ట్ ఇప్పటికే వాదన మొదలుపెట్టి ఉంటాడు. సరే, ఒప్పుకుంటా. కానీ సినిమా లేకుండా, హీరో లేకుండా, తెలుగులో సొంత పాట రాసుకుని స్టేజీ ఎక్కిన బ్యాండ్‌లు మనకి ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. అప్పుడు రాక్ అనాలా ఫోక్ అనాలా అన్న పట్టింపు కొంచెం తగ్గుతుంది.

నేను చౌరస్తా పాట మొదట విన్నది 2020లో, లాక్‌డౌన్‌లో. అప్పుడు చొప్పదండిలో ఇంట్లోనే ఉన్నా. చేతులు కలపొద్దు, దూరం నుంచి దండం పెట్టు అని చెప్పే కరోనా పాట అది. మా వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. ప్రభుత్వం ప్రకటనలాగా లేదు, పక్కింటి అన్న గేటు దగ్గర నిలబడి బతిమాలుతున్నట్టు ఉంది. దాని తర్వాతే "ఊరెళ్లిపోతా మామ" విన్నా. పట్నం వద్దు, ఊరికి పోతా అనే పాట. విచిత్రం ఏంటంటే నేను ఊళ్లోనే కూర్చుని విన్నా, అయినా ఊరి మీద బెంగ పుట్టింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. బడిలో తెలుగు మాట్లాడితే ఫైన్. ఇంట్లో మాట్లాడే భాషనైతే టీచర్లు భాష కిందే లెక్కపెట్టేవాళ్లు కాదు. "గట్ల", "గిట్ల" అంటే క్లాసంతా నవ్వేది, క్లాసంతా ఇంటికెళ్లి అట్లనే మాట్లాడేది. తొమ్మిదో తరగతిలో నేను రాసిన మొదటి పాట ఇంగ్లిష్‌లో ఉంది. అందులో వాన, హైవే, లాంగ్ డ్రైవ్ ఉన్నాయి. మా ఇంట్లో అప్పటికి ఉన్నది ఒక స్ప్లెండర్ బండి. చౌరస్తా విన్నాక అర్థమైంది, మామూలుగా మాట్లాడే తెలుగులో కూడా పాట ఉండొచ్చు, దాని కింద రెగె కూడా వాయించొచ్చు అని. రెగెలో గిటార్ ఒకటి మీద గట్టిగా పడదు, రెండు మీదా నాలుగు మీదా పడుతుంది. అందుకే ఒళ్లు కొంచెం వెనక్కి వాలి ఊగుతుంది. మన మాటల్లో ఉన్న సాగదీత దానికి భలే కుదురుతుంది. ఇది నేను చదివింది కాదు, కాహోన్ మీద కొట్టి చూసి చెప్తున్నా. కాహోన్ అంటే దాని మీదే కూర్చుని వాయిస్తారే, ఆ చెక్కపెట్టె.

సరే, ఆ గొంతు సినిమాలకు వెళ్లింది. "అమ్ముడుపోయాడు" అనేవాళ్లని మన కాలేజీలోనే ఇద్దరు ముగ్గురిని చూశా. నా మొదటి అభ్యంతరం ఇక్కడ. ఒక బ్యాండ్ షోకి వచ్చిన డబ్బులు ఐదారుగురు పంచుకోవాలి. అందులోంచే వ్యాన్ కిరాయి, రిహార్సల్ రూమ్ కిరాయి, తెగిపోయిన తీగలు. ఇంగ్లిష్ దేశాల్లో ఫ్రంట్‌మన్ సోలోకి వెళ్తే సొంత ఆల్బమ్ చేస్తాడు. ఫ్రెడ్డీ మెర్క్యురీ 1985లో అట్లనే చేశాడు, క్వీన్‌లోనే ఉంటూ. మనకి ఆల్బమ్ అనే దుకాణమే లేదు. తెలుగులో సోలో అంటే దాదాపుగా ప్లేబ్యాక్ అనే అర్థం. హిందీలోనూ అంతే. మోహిత్ చౌహాన్ సిల్క్ రూట్ బ్యాండ్ గొంతు. 1998లో వాళ్ల "బూందే" ఆల్బమ్ వచ్చింది. మన తరానికి ఆయన తెలిసింది మాత్రం 2007లో జబ్ వి మెట్ పాటతో, 2011లో రాక్‌స్టార్‌తో. నిజంగా బ్యాండ్ నడిపిన మనిషి, చివరికి తెర మీద ఒక కల్పిత రాక్‌స్టార్‌కి గొంతు అరువిచ్చి పేరు తెచ్చుకున్నాడు. ఇందులో ఆయన తప్పేం ఉంది?

అయితే పోగొట్టుకున్నది ఏమీ లేదు అని కూడా అనను. భీమ్లా నాయక్ టైటిల్ పాట వినండి. అందులో నలుగురు పాడారు, రామ్ ఒకడు. మంచి పాటే, జిమ్‌లో నేనూ వింటా. కానీ ఆ పాట పవన్ కళ్యాణ్‌ది, గొంతులు దానికి కూలీకి వచ్చాయి. అదే టిల్లు పాటకొస్తే వేరు. ట్యూన్ తన చేతిలో ఉంది కాబట్టి బ్యాండ్ రోజుల ఊపు, ఆ మాట్లాడుతున్నట్టు పాడే పద్ధతి రెండూ మిగిలాయి. 2024లో వచ్చిన టిల్లు స్క్వేర్‌కి చేసిన "టికెట్టే కొనకుండా" కూడా అంతే. కాసర్ల శ్యామ్ రాసిన మాటలు ఆ గొంతులో బస్టాండ్‌లో ఎవరో మనతో జోకులేస్తున్నట్టు ఉంటాయి. కాబట్టి నా లెక్క ఇది: సినిమాకి వెళ్లడం సమస్య కాదు, అక్కడ తన పాట తను కట్టుకునే చోటు దొరికిందా లేదా అన్నది చూడాలి. దొరికినప్పుడల్లా ఆయన బాగా చేశాడు.

ఇక నా నోరు మూయించిన పాట ఒకటుంది. బలగం, 2023 మార్చి. సిరిసిల్ల మనిషి వేణు యెల్దండి తీసిన సినిమా, సిరిసిల్ల వైపే తీశారు. మా వైపు ఊళ్లల్లో తెరలు కట్టి, చాపలు పరుచుకుని చూశారు జనం. అందులో "ఊరు పల్లెటూరు" మంగ్లీ, రామ్ మిరియాల కలిసి పాడారు. సంగీతం భీమ్స్. ఆ పాట రాసినందుకు కాసర్ల శ్యామ్‌కి 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు. మా నాయినమ్మ ఆ పాట వింటూ "ఎవ్వల పోరడో గని, మన ఊళ్లె పుట్టినట్టె పాడుతున్నడు బిడ్డా" అంది. నేను ఎగిరి "నాయినమ్మా, కరోనా పాట పాడింది కూడా ఈయనే, బ్యాండ్ ఉండే" అని చెప్పబోయా. "బ్యాండా? పెండ్లికి కొడ్తరు గదా, గదేనా?" అంది.

నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే అదే అసలు సంగతి. సినిమా లేకపోతే ఆ గొంతు మా నాయినమ్మ దాకా వచ్చేది కాదు. ఆమెకి యూట్యూబ్ పెట్టడం రాదు, ఆమె హైదరాబాద్‌లో పబ్ షోకి వెళ్లదు. ఊరికి పోతా అని పాడిన గొంతు నిజంగా ఊరికి చేరడానికి సినిమా టికెట్ తీసుకోవాల్సి వచ్చింది. ఇదే సినిమా చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడారు, బుడగజంగాల కళాకారులు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయారు. అంతకుముందు ఎన్నేళ్లు ఊరూరా తిరిగి పాడి ఉంటారు! మనం మాత్రం సినిమాలో చూసే దాకా ఆయన పేరు అడగలేదు. బ్యాండ్ పెట్టినా, తంబూర పట్టినా సినిమా గుండా రాకపోతే మనం వినం. మరి తప్పు వెళ్లినవాడిదా, వినేవాళ్లదా?

మలయాళంలో కొంచెం నయం. గోవింద్ వసంత తైక్కుడం బ్రిడ్జ్ బ్యాండ్ మనిషిగా పేరు తెచ్చుకున్నాకే 96కి, మన జానుకి సంగీతం చేశాడు. అక్కడ బ్యాండ్ పాటని జనం బ్యాండ్ పాటగానే పాడుకుంటారు కాబట్టి, సినిమా రెండో ఇల్లు అయింది. మనకి మొదటి ఇల్లే కిరాయిది.

పెద్ద పెద్ద మాటలు ఎందుకు, మన ఫెస్ట్ చూద్దాం. పోయినేడు మాకిచ్చింది ఇరవై నిమిషాలు. రూల్ ఏంటంటే "తెలిసిన పాటలే పాడాలి, క్రౌడ్ డల్ అవుతుంది." మేం ఒక సొంత పాట మధ్యలో దొంగతనంగా దూర్చాం. రెండో చరణానికి సౌండ్ సిస్టమ్ అన్న డీజే కనెక్ట్ చేసుకోవడం మొదలుపెట్టాడు. ముందు వరసలో వాళ్లు మమ్మల్ని చూస్తూనే "చిట్టి" అని అరిచారు. ఆ రోజు మా వోకలిస్ట్ మొహం నాకింకా గుర్తుంది. వాడు మానేసింది పోయిన నెల కాదు, ఆ రాత్రే అని ఇప్పుడు అనిపిస్తోంది. అరిచినవాళ్లలో ఈ మ్యాగజైన్ చదివేవాళ్లు కూడా ఉన్నారు. కోపం లేదు, నేనూ వేరే బ్యాండ్ వాళ్లకి అట్లా అరిచినవాడినే.

అందుకే లిటరరీ క్లబ్‌కి నాదొక ప్రపోజల్. ఈసారి ఫెస్ట్‌లో అరగంట సొంత తెలుగు పాటలకే ఇవ్వండి. సినిమా పాట ఒక్కటి కూడా ఉండొద్దు. ఏ జిల్లా మాటలో రాసినా సరే, ర్యాప్ అయినా ఒగ్గు కథ బాణీ అయినా సరే. మాటలు ముందే ప్రింట్ చేసి పంచితే తెలియని పాట అయినా జనం పట్టుకుంటారు. ప్రింట్ ఖర్చు మా నలుగురిది. డల్ అయితే వచ్చే ఏడాది తీసేయండి.

మొన్న రాత్రి మా పాత గాయకుడికి మెసేజ్ పెట్టా. ముందు సారీ చెప్పా, తర్వాత కొత్త పాట ఒకటి రికార్డ్ చేసి పంపా, చొప్పదండి నుంచి కరీంనగర్ బస్సు మీద. గంట సేపు రెండు బ్లూ టిక్కులే ఉన్నాయి. తర్వాత రిప్లై వచ్చింది: "పల్లవి ఓకే. రెండో చరణంల గా ఇంగ్లిష్ ముక్క తీసెయ్ రా."