ఓడలో ప్లంబరు

విదేశాలకెళ్ళి సేవ చేశారంటే మనకి వెంటనే గుర్తొచ్చేది డాక్టరో, నర్సో. ప్లంబరు గుర్తొస్తాడా?

మెర్సీ షిప్స్ అని, 1978లో మొదలైన క్రైస్తవ సేవా సంస్థ ఒకటుంది. ఆఫ్రికా రేవుల్లో ఆసుపత్రి ఓడలు నిలిపి ఉచితంగా ఆపరేషన్లు చేస్తుంది. వాళ్ళ ‘గ్లోబల్ మెర్సీ’ ఓడలో 6 ఆపరేషన్ థియేటర్లున్నాయి. డాక్టర్లతోపాటు ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్ళు కూడా అక్కడ జీతం లేకుండా పనిచేస్తారు. పైగా దారిఖర్చులు వాళ్ళవే! కొందరు పిల్లలతో సహా వెళ్తారు, ఓడలోనే బడి ఉంది.

నాకైతే ఆ ప్లంబరు సేవ డాక్టరు సేవకి ఏమాత్రం తీసిపోదు. చేతులు కడుక్కోడానికి నీళ్ళు రాకపోతే ఎంత పెద్ద సర్జనైనా కత్తి పట్టగలడా? వార్డులో డ్రైనేజీ పొంగితే? ఇంట్లో ఒక్కపూట సింకు జామ్ అయితే ఎంత గొడవో మీకు తెలియనిది కాదు.

అయినా మన ఇళ్ళల్లో పిల్లల్ని ర్యాంకుల వెంట పరిగెత్తిస్తారేగానీ, కుళాయికి వాషర్ మార్చడం నేర్పరు. ఆడపిల్లకైతే మరీను, “నీకెందుకే, ప్లంబర్ని పిలుద్దాం” అనేస్తారు. అతనొచ్చేదాకా కింద బకెట్ పెట్టుకుని కూర్చోవడమే.

ఈ సెలవుల్లో మా ఇంట్లో పానా మా అమ్మాయి చేతికిస్తున్నాను. వాళ్ళ నాన్న టార్చి పట్టుకుంటారు.