తీగ పీకితే లేస్తుంది!

ఇంట్లో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం పిల్లాడుంటే ఈ దృశ్యం కొత్తేం కాదు. తెల్లారితే ప్రాజెక్టు రివ్యూ. రాత్రి పదకొండింటిదాకా చక్కగా పనిచేసిన బోర్డు... ఓ చిన్న స్విచ్ కలిపి మళ్లీ కరెంటు ఇచ్చేసరికి ఉలకదు, పలకదు. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. 'కాలిపోయింది నాన్నా' అని కుర్రాడు తల పట్టుకుంటాడు. 'కొత్తది ఎంతరా?' అని ఆయన కళ్లజోడు సర్దుకుంటాడు. విసుగొచ్చి తీగలన్నీ పీకేస్తే బోర్డు బుద్ధిగా లేచి కూర్చుంటుంది! స్విచ్ కలిపితే మళ్లీ మొండికేస్తుంది.

పాపం, బోర్డు తప్పేమీ లేదు. తీగ గుచ్చిన చోటే చిక్కంతా.

బీగుల్‌బోన్ బ్లాక్‌నే తీసుకోండి. అరచేతిలో పట్టే ఈ కంప్యూటర్ 2013లో వచ్చింది. రెండు పక్కలా పీ8, పీ9 అనే సాకెట్లు, ఒక్కోదానికి 46 పిన్నులు. కరెంటు రాగానే ప్రాసెసర్‌కి ముందు ఒక సంగతి తేలాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎక్కడ వెతకాలి... బోర్డు మీది మెమరీలోనా, ఎస్‌డీ కార్డులోనా? అడుగుదామంటే లినక్స్ ఇంకా నిద్ర లేవలేదాయె! అందుకే ఓ పదహారు పిన్నుల వంక చూస్తుంది. వోల్టేజీ ఉంటే 1, లేకపోతే 0. ఆ అంకెల్ని బట్టి దారి ఎంచుకుంటుంది. చూసేది రీసెట్ వదిలిన క్షణంలో, ఒక్కసారే. తర్వాత అవీ మామూలు పిన్నులే. పీ8లో 31 నుంచి 46 వరకూ ఉన్నవి ఈ పదహారే.

ఆ 1లనీ 0లనీ నిలబెట్టేవి బోర్డు మీది లక్ష ఓముల రెసిస్టర్లు. అంటే చాలా బలహీనమైన పట్టు. 45వ పిన్ను 0గా ఉండాలి. మనవాడు స్విచ్ కోసం అక్కడ పదివేల ఓముల రెసిస్టర్‌ని 3.3 వోల్టులకు కట్టాడనుకోండి. తాడులాటలో బలమైనది ఇదే. పిన్ను మీద 3 వోల్టులు కనిపిస్తాయి, ప్రాసెసర్ 1 అని చదువుకుంటుంది. ఇక ఎటో దారి తప్పి కూర్చుంటుంది.

తయారీదారులే ఈ కిటుకుని వాడుకున్నారు. బోర్డు మీది ఎస్2 బటన్ నొక్కిపట్టి కరెంటు ఇస్తే 43వ పిన్ను 0కి దిగుతుంది, ఎస్‌డీ కార్డు నుంచి బూట్ అవుతుంది. ఆ బటన్ కావాలని చేసే పనినే మన తీగ తెలియక చేస్తోందన్నమాట.

మందు సులువే. తీగని పీ8లోనే 7 నుంచి 19 లోపు పిన్నుకి మార్చేస్తే సరి. 3 నుంచి 6, 20 నుంచి 25 మాత్రం వద్దు. అవి బోర్డు మీది మెమరీవి, వాటితో ఆడుకున్నా బూట్ ఆగిపోవచ్చు. తప్పనిసరిగా ఆ పదహారులోనే కలపాల్సి వస్తే మధ్యలో బఫర్ చిప్ పెట్టి, పీ9లోని 10వ పిన్ను, అంటే రీసెట్, పైకి లేచాకే అది తెరుచుకునేలా చూడాలి.

ఇంకో మాట. బోర్డుకి కరెంటు రాకముందే సెన్సర్‌కి వేరే అడాప్టర్ నుంచి వోల్టేజీ ఇస్తే పిన్నుల్లోకి అది చొరబడి ప్రాసెసర్ నిజంగానే పోవచ్చు. 5 వోల్టులైతే ఎప్పుడిచ్చినా ప్రమాదమే. ఇక్కడ డిజిటల్ పిన్నుల హద్దు 3.3.

చవకగా దొరికే మైక్రోకంట్రోలర్ బోర్డుల్లోనూ ఇదే తంతు. ఈఎస్‌పీ8266లో 0వ పిన్ను కరెంటు ఇచ్చేటప్పుడు కిందికి దిగి ఉంటే అది కొత్త ప్రోగ్రామ్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మామూలు ఈఎస్‌పీ32 బోర్డులో 12వ పిన్ను పైకి లేచి ఉంటే లోపలి మెమరీకి 3.3కి బదులు 1.8 వోల్టులే అందుతాయి. అది లేవనే లేవదు.

కాబట్టి కొత్త బోర్డుకి డబ్బులు తీసేముందు తీగలన్నీ పీకి ఓసారి కరెంటు ఇవ్వమనండి. లేస్తే, కరెంటు ఆపి ఒక్కో తీగా కలుపుతూ మళ్లీ మళ్లీ బూట్ చేయాలి. ఏ తీగ దగ్గర ఆగిందో ఆ పిన్ను నంబరు చూస్తే దొంగ దొరికిపోతాడు.