డీబీఎంఎస్ ల్యాబ్‌లో రికార్డులు రాయించడం ఆపండి!

తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు, తల్లిదండ్రులకు:

పోయిన వారం ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండో ఏడాది అమ్మాయిని డీబీఎంఎస్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌కు కూర్చోనివ్వలేదు. రికార్డులో చివరి ప్రయోగాలకు సంతకాల్లేవట. ఆ అమ్మాయి తన హాస్టల్ మెస్ లెక్కంతా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెట్టింది. ఎవరు ఎన్ని రోజులు ఊరెళ్లారు, ఎవరి బిల్లులో ఎంత తగ్గించాలి, ఇంకా ఎవరు కట్టలేదు, అన్నీ క్వెరీ రాసి తీస్తుంది. లెఫ్ట్ జాయిన్ ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెను బయట నిలబెట్టి లోపలివాళ్లకు చీటీలు పంచారు. చీటీలో వచ్చిన క్వెరీని తెల్లకాగితం మీద రాసి, వైవాలో నాలుగు నిర్వచనాలు అప్పజెప్పి, కీబోర్డు ముట్టుకోకుండానే అందరూ బయటికొచ్చారు.

ఆ రికార్డు ఎలా తయారవుతుందో రాసినవాళ్లందరికీ తెలుసు. కుడి పేజీలో పెన్నుతో క్వెరీ. ఎడమవైపు తెల్ల పేజీలో స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసిన టేబుల్. అందులో స్మిత్, అలెన్, వార్డ్, జోన్స్. స్మిత్ జీతం 800, కింగ్ జీతం 5000. ఒరాకిల్‌తో నేర్చుకునేవాళ్ల కోసం వచ్చిన ఎంప్ టేబుల్ అది, మొత్తం 14 వరుసలు. స్మిత్ ఉద్యోగంలో చేరింది 1980 డిసెంబర్ 17న. మన పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలకు ఆ తేదీనాటికి పెళ్లి కూడా కాలేదు. మెషీన్ చెప్పాల్సిన ‘వన్ రో క్రియేటెడ్’ అన్న మాటను పిల్లలు వరుస వరుసకీ చేత్తో రాస్తారు. ఎప్పుడూ నడపని క్వెరీకి కూడా అవుట్‌పుట్ రాస్తారు! ఒకరి రికార్డులో కామా తప్పితే ఆ తప్పు సెక్షన్ మొత్తానికీ పాకుతుంది, దాని కిందా ఎర్ర సిరా సంతకం పడుతుంది. ఎంప్ అయిపోతే ఎర్ర పడవ బుక్ చేసుకున్న నావికుల పేర్లు. ఆ పడవలున్న రామకృష్ణన్, గెర్కె పుస్తకం గొప్ప పుస్తకమే. దాన్ని చూసి ఎక్కించుకోమని వాళ్లు ఎక్కడా చెప్పలేదు.

కాగితం ఎర్రర్ ఇవ్వదు. మెషీన్ మీద బిగిన్ కొట్టి, వేర్ రాయడం మరిచి డిలీట్ నడిపి, టేబుల్ ఖాళీ కావడం చూసి గుండె జారిన పిల్లవాడు, రోల్‌బ్యాక్ కొట్టగానే వరుసలన్నీ తిరిగొస్తే ఇక జన్మలో ట్రాన్సాక్షన్‌ను మరిచిపోడు. ఈ పాఠం ఏ రికార్డులో ఉంది?

అసలు ఈ సబ్జెక్టు ఎలా పుట్టిందో చూడండి. ఇ.ఎఫ్. కాడ్ ఐబీఎంలో ఉండగా 1970లో రిలేషనల్ మోడల్‌ను ప్రకటించాడు. డేటా లోపల ఎక్కడ ఎలా దాగుందో తెలియకపోయినా మనిషి తనకు కావాల్సింది అడగగలగాలన్నది ఆయన పట్టు. ప్రోగ్రామింగ్ రానివాళ్లకూ అది అందాలని చాంబర్లిన్, బాయిస్ 1974లో సీక్వెల్ అనే క్వెరీ భాషను బయటపెట్టారు, ఎస్‌క్యూఎల్‌కు తల్లి అదే. బర్క్‌లీలో స్టోన్‌బ్రేకర్, వాంగ్ తమ విద్యార్థులను కూర్చోబెట్టి ఇంగ్రెస్ కట్టించారు. దాని వారసురాలే ఇవాళ పైసా ఖర్చు లేకుండా దొరికే పోస్ట్‌గ్రెస్. అక్కడి విద్యార్థులు డేటాబేస్‌నే కట్టారు. మన విద్యార్థుల చేత పెన్సిల్ గీతలు గీయిస్తున్నాం. ఇది చదువు కాదు, వెట్టి.

ఈ వెట్టికి మూల్యం ఎవరు కడతారు? తెలంగాణలో 2020 అక్టోబర్ 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక, పేరులో ఒక అక్షరమో విస్తీర్ణంలో ఒక గుంటో తప్పు పడిన రైతు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఆ కష్టాలన్నిటికీ డేటాబేస్ పాఠమే మందు అనను, అందులో రెవెన్యూ శాఖ పాపం చాలా ఉంది. కానీ సర్వే నంబరు 145/అ/2ను ఒకే గడిలో పెట్టాలా, విడదీయాలా? పాస్‌బుక్కులో వెంకటేశ్వర్లు, ఆధార్‌లో వెంకటేశ్వరరావు అని ఉంటే ఇద్దరూ ఒక్కరేనని టేబుల్‌కు ఎలా తెలియాలి? అన్నదమ్ములు పొలం పంచుకుంటే పాత వరుసను చెరిపేయాలా, ఉంచాలా? డేటాబేస్ డిజైన్ అసలు పాఠం ఇక్కడుంది. థర్డ్ నార్మల్ ఫామ్ నిర్వచనం గుక్కతిప్పుకోకుండా చెప్పే మన పట్టభద్రుడి ముందు ఒక ఊరి పట్టాల జాబితా పెట్టండి. కీ ఏదో చూపించలేడు. రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేది అతడే.

సిస్టమ్‌లు చాలవంటారు. ఎస్‌క్యూలైట్ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది, పోస్ట్‌గ్రెస్ పాత డెస్క్‌టాప్ మీదా నడుస్తుంది. తనిఖీ బృందానికి ఏం చూపించాలంటారు. పిల్లలు నడిపిన ఫైళ్లు చూపించండి. కాపీ కొడతారంటారా, ఇప్పుడు జరుగుతున్నదేమిటి?

ఆ అమ్మాయికి వెంటనే పరీక్ష పెట్టాలి, మెషీన్ ముందు. వచ్చే సెమిస్టర్ నుంచి రికార్డు రద్దు కావాలి. దాని బదులు ఇద్దరిద్దరు కలిసి తమకు తెలిసిన లెక్క ఒకటి, కిరాణా ఖాతా గానీ పాల కేంద్రం గానీ పొదుపు సంఘం గానీ, పేర్లు మార్చి టేబుళ్లుగా కట్టాలి. ఎక్స్‌టర్నల్‌లో చీటీలు పోవాలి. తప్పులున్న డేటాను అప్పటికప్పుడు చేతికిచ్చి, సరిచేయమని, దాని మీద ప్రశ్నలకు జవాబులు తీయమని అడగాలి.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఇవ్వబోయే వినతిపత్రం ప్రతి డిపార్ట్‌మెంట్ స్టాఫ్‌రూమ్‌కూ వస్తోంది. అధ్యాపకులారా, దాని మీద సంతకం పెట్టండి. బోర్డు కూర్చునేదాకా కొత్త రికార్డులు కొనమని ఏ సెక్షన్‌కూ చెప్పకండి.