గాలి తక్కువైతే తఖ్దీర్ తప్పా?

షాదీల సీజన్ వస్తే జహీరాబాద్‌లో చిన్న కారుకు చుట్టాలెక్కువ. ఐదుగురి సీట్లలో ఏడుగురు, డిక్కీ నిండా సామాను. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌ దాకా దాదాపు వంద కిలోమీటర్లు. అద్దానికి తస్బీ వేలాడుతుంటుంది. టైర్లలో గాలి ఎంతుందో మాత్రం ఎవరికీ ఖబర్ ఉండదు.

పైగా ఒక సలహా: "ఎండాకాలం కదా భాయ్, గాలి తక్కువ కొట్టు." సరాసర్ గలత్! గాలి తగ్గితే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలుగుతాయి. నలిగినకొద్దీ వేడెక్కుతాయి. బరువు, వేగం, ఎండ తోడైతే పేలుతుంది. అప్పుడు "తఖ్దీర్" అంటాం. మన గఫ్లత్‌కు తఖ్దీర్ మీద ఇల్జామా?

ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోరు తెరిస్తే పక్కనే స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా బండ్లలో నిండు బరువుకు వేరే అంకె ఇస్తారు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. స్టెప్నీని మరవొద్దు. టైరు వయసూ చూడండి: నాలుగంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని.

ఇవన్నీ మన పంక్చర్ భాయ్‌కి తెలుసు. మన ఖౌమ్‌ను ఎవరైనా 'పంక్చర్‌వాలాలు' అని వెక్కిరిస్తే ఇజ్జత్ పోయిందని మండిపడతాం. అదే భాయ్ "టైరు అరిగింది సాబ్, మార్చండి" అంటే పైసల కోసమే అంటాం. ఆయన హునర్‌కు మనమే ఖదర్ ఇవ్వకపోతే బయటివాళ్లు ఇస్తారా? రేపు ఫజర్ తర్వాత, ఎండ ఎక్కకముందే, దగ్గరి దుకాణానికి వెళ్లండి. ఆయన చెప్పింది వినండి.