చందా కట్టినోడికే డాక్టరా?

మా దగ్గర ఏడో తరగతి దాకా చదువుకున్న పిలగాడొకడు ఇవాళ అమెరికాలో, సియాటిల్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మాదిగవాడ నుంచి పోయినోడు. మొన్న ఫోన్ చేసి, "సార్, ఇక్కడ డాక్టర్‌కి నెల నెలా చందా కడితే చాలు. ఎప్పుడు ఫోన్ చేసినా పలుకుతాడు. అరగంట కూచోబెట్టి మాట్లాడతాడు. నేను గూడ చేరిన" అన్నాడు. సంతోషంగానే చెప్పాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అమ్మ మాత్రం మొన్న మన పీహెచ్‌సీ కాడ పొద్దటి నుంచి పగటీలి దాకా కూసున్నదంట సార్. డాక్టర్ రానే లేదంట" అన్నాడు.

కొడుకు సంగతి, తల్లి సంగతి ఒక్క ఫోన్‌లోనే విన్నాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఏమిటీ చందా వైద్యం? అమెరికాలో దీనికి రెండు పేర్లున్నాయి. మొదటిది కాన్సియెర్జ్ వైద్యం. పెద్ద హోటళ్ళలో అతిథి ఏది అడిగితే అది సమకూర్చి పెట్టే మనిషిని కాన్సియెర్జ్ అంటారు. ఆ హోటల్ మర్యాద డాక్టర్ గదిలోకి వచ్చిందన్నమాట. రెండోది డైరెక్ట్ ప్రైమరీ కేర్. ఇన్సూరెన్స్ కంపెనీని మధ్యలో పెట్టుకోకుండా రోగి నేరుగా డాక్టర్‌కి నెల చందా కట్టడం. మొదటిది బాగా డబ్బున్నోళ్ళది. రెండోది జీతగాళ్ళకి అందేది. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ రెంటికీ తలుపు ఒక్కటే, దాని తాళం చెవి చందా.

ఈ రెండూ వేళ్ళూనింది సియాటిల్‌లోనే. 1996లో అక్కడ ఎండీ స్క్వేర్డ్ అనే సంస్థ మొదలైంది. పెట్టిన వాళ్ళలో ఒకాయన అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకి డాక్టర్‌గా పని చేసినాయన. ఆటగాళ్ళకి దొరికే వైద్యం డబ్బు పెట్టగల కుటుంబాలకీ అమ్మవచ్చు గదా అన్నదే ఆలోచన. ఒక్కో డాక్టర్‌కి యాభై కుటుంబాలే. చందా ఏడాదికి వేల డాలర్లు. తర్వాత 2007లో అదే నగరంలో క్లయన్స్ అనే సంస్థ నెలకి వంద డాలర్ల లోపు చందాతో మామూలు జనం కోసమని డైరెక్ట్ ప్రైమరీ కేర్ పెట్టింది. అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ లాంటి కుబేరులు దాంట్లో పెట్టుబడి పెట్టారు. పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్ కింద ఉన్నవాళ్ళని కూడా అది చూసింది. అది మెచ్చుకోవాల్సిన సంగతే. అయినా 2017లో మూతబడింది. 2023లో అమెజాన్ కంపెనీ వన్ మెడికల్ అనే చందా దవాఖానల గొలుసుని 390 కోట్ల డాలర్లు పోసి కొనేసింది. ఇంటికి సామాను పంపే చందాదారులకే నెలకి తొమ్మిది డాలర్లు అదనంగా తీసుకుని డాక్టర్‌ని కూడా ఇస్తామంటోంది. సబ్బులమ్మే అంగట్లోనే డాక్టర్ కూడా దొరుకుతున్నాడు!

వాళ్ళ వాదన కూడా వినాలి. వినకుండా తిట్టడం మన పద్ధతి కాదు. అక్కడ మామూలు డాక్టర్ ఒక్కడి కింద రెండు వేల పైచిలుకు రోగులుంటారు. మనిషికి పదిహేను నిమిషాలు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కాయితాలు నింపే పని. డాక్టర్ రోగి మొహం చూసేదానికన్నా కంప్యూటర్ మొహం చూసేదే ఎక్కువ. దీనికి విసిగిన డాక్టర్లే చందా పద్ధతిలోకి పోయారు. అందరూ డబ్బు మీద ఆశతోనే పోయారనడం అబద్ధం. రోగి చెప్పుకునేది చివరిదాకా వినాలని కోరుకున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. మా పిలగాడు కోరుకున్నదీ అదే. ఆ కోరిక తప్పు కాదు. ప్రతి మనిషికీ ఉండాల్సిన కోరికే.

మరి పేచీ ఎక్కడ? లెక్కలో ఉంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2005లో ఈ వైద్యం మీద ఒక నివేదిక ఇచ్చింది. చందా పద్ధతిలోకి మారక ముందు ఒక్కో డాక్టర్ కింద సగటున 2,700 మంది రోగులుంటే, మారిన తర్వాత దాదాపు 500 మందే మిగిలారు. మూడో తరగతి పిల్లలకి ఈ తీసివేత చెప్తే రెండు నిమిషాల్లో చేస్తారు. మిగతా రెండు వేల రెండు వందల మంది ఏమైనట్టు? వాళ్ళ రోగాలు తగ్గలేదు. వాళ్ళు ఇంకో డాక్టర్ గుమ్మం ముందు చేరారు. అక్కడ వరస ఇంకా పెరిగింది. ఆ డాక్టర్ ఇంకా విసిగాడు. ఆయనా రేపు చందా బోర్డు పెడతాడు. అప్పట్లో ఇట్లాంటి డాక్టర్లు దేశం మొత్తం మీద 146 మందే తేలారు. కాబట్టి పెద్ద నష్టం లేదన్నారు. ఇవాళ వాళ్ళు వేలల్లో ఉన్నారు. ఒక్కడు పడవ దిగితే పడవ తేలికవుతుంది. తెడ్డు వేసేవాళ్ళే ఒక్కొక్కరూ దిగిపోతుంటే ఆ పడవ ఏ ఒడ్డుకి చేరుతుంది?

ఇంకో సంగతి. ఈ చందా కడితే ఆపరేషన్ అవ్వదు, పెద్దాసుపత్రి ఖర్చు రాదు. దానికి మళ్ళీ ఇన్సూరెన్స్ వేరే ఉండాల్సిందే. అంటే ఇది రెండుసార్లు కట్టగలిగినోడి ఏర్పాటు. ఆ దేశంలో రెండున్నర కోట్ల మందికి పైగా ఒక్క ఇన్సూరెన్స్ కూడా లేదు. 2026 జనవరి నుంచి ఈ చందాని పన్ను లేని ఆరోగ్య పొదుపు ఖాతా నుంచి కట్టుకోవచ్చని చట్టం తెచ్చారు. ఒక మనిషికైతే నెలకి 150 డాలర్లు, కుటుంబానికైతే 300 దాకా. పన్ను మినహాయింపు ఎవరికి? పొదుపు చేయగలిగినోడికి. నెలాఖరుకి చేతిలో డాలర్ మిగలని పాకీ పనామెకి ఆ మినహాయింపు ఎందుకు పనికొస్తుంది? పైగా అక్కడ డాక్టర్లకి ఆసుపత్రుల్లో ఇచ్చే శిక్షణకి సర్కారు పెట్టే సొమ్ములో ఎక్కువ భాగం వచ్చేది మెడికేర్ నిధి నుంచి. అది కూలీనాలీ చేసేవాళ్ళ జీతాల్లోంచి కూడా కోసుకున్న డబ్బు. నల్లవాళ్ళు, మెక్సికో నుంచి వచ్చిన శ్రామికులు కట్టిన డబ్బుతో తయారైన డాక్టర్, బోర్డు తిప్పేసి వాళ్ళకే తలుపు మూస్తే దాన్ని వ్యక్తి స్వేచ్ఛ అనాలా, బాకీ ఎగ్గొట్టడం అనాలా?

ఇక్కడ మాకు ఒక పాత సంగతి గుర్తుకొస్తుంది. బాబాసాహెబ్ అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో దాన్ని చేర్చారు. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు రాసిన ఉత్తరం అది. 1929 డిసెంబర్‌లో 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాలింతగా ఉన్న భార్యకి జబ్బు చేసింది. డాక్టర్ వాడలోకి రానన్నాడు. పెద్దమనుషుల్ని పట్టుకుని, రెండు రూపాయల ఫీజుకి పూచీ ఇప్పిస్తే, వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటర్‌ని ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులు చేతికి, పంతులు భార్య చేతికి. మళ్ళీ అదే దారిన వెనక్కి. దీపం వెలుగులో దాన్ని చూసి నిమోనియా అని చెప్పి పోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తల్లి చచ్చిపోయింది.

మేమూ బడిపంతుళ్ళమే. ఆ ఉత్తరం ఎప్పుడు చదివినా గుండె బరువెక్కుతుంది. సియాటిల్ డాక్టర్ ఆ డాక్టర్ లాంటివాడని మేం అనడం లేదు. అక్కడ ఫీజు కట్టినా కులం అడ్డమొచ్చింది. ఇక్కడ చందా కడితే కులం అడగరు. ఈ తేడా చిన్నది కాదు. అందుకే మా పిలగాడికి అది అంత గొప్పగా తోచింది. కానీ ఎవర్ని ముట్టుకోవాలి, ఎవర్ని వదిలెయ్యాలి అన్నది డాక్టరే తేల్చుకోవచ్చనే సూత్రం ఉంది చూశారా, అది మాత్రం మనం బాగా ఎరిగిన సూత్రమే. ఆ గీత అవతల నిలబడ్డవాళ్ళకి గీత దేనితో గీసినా గీతే.

అదే సియాటిల్‌లో ఇంకో దవాఖాన కూడా ఉంది. దాని గురించి మా పిలగాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. 1968లో అక్కడ బ్లాక్ పాంథర్ పార్టీ శాఖ పుట్టింది. తెల్లవాళ్ళ పేటల్లో ఇల్లు కొననివ్వని రోజులు చూసిన నల్లవాళ్ళ కోసం ఆ కుర్రాళ్ళు ఉచిత వైద్యశాల పెట్టారు. నల్లజాతి పిల్లల్ని పీడించే సికిల్ సెల్ జబ్బుకి పరీక్షలు చేశారు. ఆ దవాఖానే కారొలిన్ డౌన్స్ పేరుతో తర్వాత తరాలకీ అందింది. ఆ పాంథర్ల పేరునే 1972లో బొంబాయి కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో కుల వివక్షని నిషేధించిన మొదటి నగరం కూడా సియాటిలే. అంటే ఆ ఊరు మనకి పరాయిది కాదు.

ఆ దారి పాంథర్లతోనే మొదలు కాలేదు. 1965లో డాక్టర్ జాక్ గైగర్, ఆయన మిత్రులు బోస్టన్‌లో మొదటి ప్రజారోగ్య కేంద్రం తెరిచారు. తర్వాత మిసిసిపీలో పత్తి కూలీలైన నల్లవాళ్ళ మధ్య, మౌండ్ బేయూలో ఇంకోటి పెట్టారు. ఆకలితో వచ్చిన పిల్లలకి అక్కడి డాక్టర్లు మందుచీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాశారు. కొట్టువాడు సరుకులిచ్చి బిల్లు దవాఖానకి పంపాడు. ఇదేం పద్ధతని పైవాళ్ళు అడిగితే, ఆకలి రోగానికి మందు తిండేనని గైగర్ జవాబిచ్చాడు. అట్లాంటి కేంద్రాలు ఇవాళ మూడు కోట్ల మందికి పైగా చూస్తున్నాయి. డబ్బు లేదని వెనక్కి పంపకూడదు, తాహతుని బట్టే ఫీజు. అన్నిటికన్నా పెద్ద సంగతి, కేంద్రాన్ని నడిపే బోర్డులో సగానికి మించి అక్కడ వైద్యం చేయించుకునే రోగులే ఉండాలని చట్టం. చందా దవాఖానలో రోగి ఖాతాదారుడు. ఇక్కడ రోగి యజమాని.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. 1946లోనే భోర్ కమిటీ, డబ్బు కట్టలేడని ఎవరికీ వైద్యం ఆగకూడదని చెప్పింది. మైదాన ప్రాంతంలో ముప్ఫై వేల జనానికి ఒక పీహెచ్‌సీ అన్నది మన లెక్క. భవనాలున్నాయి. బోర్డులున్నాయి. డాక్టర్ కుర్చీ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్‌కి కార్డు చూపించవచ్చు. కానీ గుండెదాకా రాకముందు బీపీ చూసేవాడు ఏడి? జరం వచ్చిన కూలీకి ఆ కార్డు ఏం చేస్తుంది? మన నగరాల్లోనూ కార్పొరేట్ ఆసుపత్రులు ఏడాది ప్యాకేజీలు, ఫ్యామిలీ ప్లాన్లు అమ్ముతున్నాయి. సియాటిల్‌లో ముందు నడిచిన కథ ఇక్కడ వెనక నడుస్తోంది.

ఇందులో మా తప్పు కూడా ఉంది, దాచుకోం. రిజర్వేషన్‌తో చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకున్న మనలాంటివాళ్ళం మొదట వదిలేసింది ఏంటిది? సర్కారు బడిని, తర్వాత సర్కారు దవాఖానని. బడిలో పాఠం చెప్తూనే మన పిల్లల్ని కాన్వెంట్‌కి పంపినం. హెల్త్ కార్డు చేతికి రాంగనే పీహెచ్‌సీ మెట్టెక్కడం మానేసినం. కాయితం రాయగలిగినోళ్ళం, ఆఫీసరుని నిలదీయగలిగినోళ్ళం వరసలోంచి తప్పుకుంటే, ఆ వరసలో మిగిలింది మా పిలగాడి తల్లి. ఆమె పగటీలి దాకా కూసుంటది. డాక్టర్ రాకపోతే లేచి ఇంటికి పోతది. ఎందుకు రాలేదని అడగడం ఆమెకి ఎవరు నేర్పారు? నేర్పాల్సింది మేమే గదా?

కాబట్టి మేం అడిగేది ఇది. ప్రజల డబ్బుతో చదివిన డాక్టర్ చందా బోర్డు పెట్టుకుంటే, తన రోగుల్లో ఇంత భాగం చందా లేకుండా చూడాలని ఏ దేశంలోనైనా షరతు ఉండాలి. చందాకి పన్ను మినహాయింపు ఇచ్చే సర్కారు అంతకు తగ్గని సొమ్ము ప్రజా దవాఖానకి పెట్టాలి. ఇక్కడ పీహెచ్‌సీ కమిటీల్లో నాయకుడి బామ్మర్దులు కాకుండా ఆ పీహెచ్‌సీకి వచ్చే ఆడవాళ్ళు, కూలీలు సగానికి మించి కూచోవాలి. డాక్టర్ వచ్చిన రోజు, రాని రోజు గోడ మీద రాయాలి.

పిలగాడికి తిరిగి ఫోన్ చేసినం. "చందా మానెయ్యమని అనం బిడ్డా, నీ ఒళ్ళు నీకు ముఖ్యం. కానీ సెలవుకి వచ్చినప్పుడు అమ్మతో పాటు ఆ బెంచీ మీద ఒక పూట కూసో. డాక్టర్ ఏడని పెద్దగా అడుగు. మేం గూడ వస్తం" అన్నం. "వస్త సార్" అన్నాడు.

వాడు వచ్చేదాకా ఆగేది లేదు. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికి మేం ఆ బెంచీ మీద ఉంటం. మీ ఊర్లో మీరు కూసోండి.

జై భీమ్.